రికార్డులో ఉన్న బుగ్గ

మా ఆఫీసులో సగం మంది ముఖాలు తప్పుగా ఉన్నాయన్న సంగతి ఒక సోమవారం పొద్దున బయటపడింది. అంతవరకూ ఎవరికీ అనుమానం రాలేదు. ఇన్నేళ్ళూ అవే ముఖాలు పెట్టుకుని వచ్చి, సంతకాలు చేసి, టీలు తాగి, సాయంత్రానికి అవే ముఖాలతో ఇళ్ళకు వెళ్ళిపోయేవారు.

మాది కాలువగట్ల సంరక్షణ సంస్థ, కాకినాడ ప్రాంతీయ కార్యాలయం. నేను తేజస్విని, జూనియర్ అసిస్టెంట్‌ని. వైజాగ్‌లో చదువుకుని కొత్తగా చేరాను. మొదటి ఉద్యోగం కదా, ఏ పని చెప్పినా పరుగెత్తి చేస్తున్న రోజులు. ఆ సోమవారం గేటు పక్కన గోడకి ఒక యంత్రం బిగించారు. దాని ముందు నిలబడితే మన ముఖం చూసి, రికార్డులో ఉన్న ఫొటోతో పోల్చుకుని, మర్యాదైన ఆడగొంతుతో పలకరిస్తుంది, హాజరు పడిపోతుంది. నన్ను చూడగానే "స్వాగతం, తేజస్విని గారు" అంది. ఒళ్ళు పులకరించింది. మా ఇంట్లో ఇప్పటిదాకా నన్నెవరూ గారు అనలేదు.

నా వెనకాల వర్క్ ఇన్‌స్పెక్టర్ నూకరాజు గారు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డారు. గట్ల మీద సైకిలు తొక్కి తొక్కి నల్లగా, సన్నగా తాడులా తయారైన మనిషి. ఆయన నిలబడగానే యంత్రం కాసేపు ఆలోచించి "క్షమించండి, మీరెవరో తెలియలేదు" అంది.

"పర్లేదమ్మా, తొందరేం లేదు, నెమ్మదిగా గుర్తు తెచ్చుకో" అన్నారాయన.

అది తెచ్చుకోలేదు. ఎందుకంటే, ఈ ఫొటోలు నిరుడు హెడ్డాఫీసు వాళ్ళొచ్చి క్యాంపు పెట్టి తీశారు. ఆ వేళ నూకరాజు గారికి పిప్పిపన్ను పోటు. ఎడమ బుగ్గ బూరెలా పొంగిపోయింది.

"వాపు తగ్గాక తీయండి బాబూ అని బతిమాలానండి" అన్నారు నాతో. "క్యాంపు ఇవాళే, వాపు మీ సొంత విషయం అన్నాడండి ఆ ఫొటోలాయన. తర్వాత పన్ను పీకించేసుకున్నాను. బుగ్గ వెళ్ళిపోయింది. రికార్డులో ఉండిపోయింది."

ఆయనొక్కరే కాదు. తిరుపతిలో మొక్కు తీర్చుకుని మీసాలు ఇచ్చేసినవాళ్ళు, ఫొటో తీసే క్షణంలో ఆవలించినవాళ్ళు, పెళ్ళయ్యాక ఒళ్ళు చేసినవాళ్ళు, అందరినీ యంత్రం అంతే మర్యాదగా తోసిపుచ్చింది. వాళ్ళ కోసం పక్కన ఒక పుస్తకం పెట్టి "గుర్తుతెలియని వ్యక్తుల హాజరు" అని పేరు పెట్టారు. మధ్యాహ్నానికి ప్రాంతీయ మేనేజరు చిదంబరేశ్వర్రావు గారు అందరినీ సమావేశపరిచారు.

ఆయన మాట్లాడితే సర్క్యులరు చదివినట్టే ఉంటుంది. పైగా మాట్లాడుతున్నంతసేపూ రెండు బొటనవేళ్ళతో దవడ కింద నొక్కుకుంటూనే ఉంటారు. రోజూ పొద్దున అరగంట అలా నొక్కబట్టే తన దవడ పలకలుగా తేరిందని ఆయన నమ్మకం. అది గుండ్రంగానే ఉందని చెప్పేవారు ఆఫీసులో లేరు.

"రికార్డు నందలి ఛాయాచిత్రమును మార్చుటకు వీలున్నదా?" అని అడిగారు.

సూపరింటెండెంట్ రత్నకుమారి గారు లేచారు. "ఉంది సార్. కాకపోతే ఫొటో మార్చాలంటే ముందు ఆ ఉద్యోగి యంత్రం ముందు నిలబడి తనెవరో రుజువు చేసుకోవాలి సార్."

"యంత్రమును మార్చుటకు?"

"అది హెడ్డాఫీసు ఆస్తి సార్. దాని మీద దుమ్ము తుడవాలన్నా మనం రాసి పంపాలి."

ఆయన చాలాసేపు దవడ నొక్కుకున్నారు. "ఛాయాచిత్రము మన చేతిలో లేదు. యంత్రము మన చేతిలో లేదు. అయినచో మన ప్రాంతీయ పరిధిలో మిగిలినది ఏది?"

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నేనే అన్నాను, "ముఖం, సార్."

"ముఖము" అన్నారాయన నెమ్మదిగా, ఆ మాట రుచి చూస్తున్నట్టు. "రికార్డు సరిగానే యున్నది. ముఖములే రికార్డుకు అనుగుణముగా లేవు. వానిని సవరించవలెను."

నూకరాజు గారు చెయ్యెత్తారు. "సార్, నా ముఖానికి తొందరేం లేదండి. నాకు సెలవు కావాలండి. మా అమ్మాయి సత్యవేణికి పార్వతీపురంలో నెలలు నిండుతున్నాయండి. తల్లి లేని పిల్ల. అల్లుడు బంగారం లాంటివాడే గానీ రక్తం చూస్తే పడిపోతాడు. పురిటికి నేను పక్కనుంటానని మాటిచ్చానండి."

"సెలవు దరఖాస్తు యంత్రము ద్వారానే స్వీకరింపబడును."

"అది నన్నెరగనంటోందండి."

"కావుననే సవరణ" అన్నారు చిదంబరేశ్వర్రావు గారు. "ప్రస్తుతము మీరు గుర్తుతెలియని వ్యక్తి. గుర్తుతెలియని వ్యక్తికి సెలవు మంజూరు చేయు అధికారము నాకు లేదు. సవరణ ముగియక మునుపు వెడలిపోయినచో మీ సర్వీసు తెగిపోవును."

అన్నేళ్ళ సర్వీసు చివర్లో తెగిపోతే ఆ మనిషికి ఇక చేతిలో ఏమీ మిగలదు. ఆయన చెయ్యి దించేసి కూర్చున్నారు.

ఇక ముఖం ఎలా సవరించాలన్న ప్రశ్న వచ్చింది. మేనేజరు గారు తన దవడ చూపించి, చేత్తో నొక్కితే చాలని, దేహము మైనము వంటిదని చెప్పారు. అప్పుడు నేను ఆగలేకపోయాను. మా మామ్మ గురించి చెప్పేశాను. మా వీధిలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా మా మామ్మే స్నానం పోస్తుంది. కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద బిడ్డని పడుకోబెట్టుకుని, నూనె రాసి, నలుగు పెట్టి, ముక్కు దూలం సాగదీసి, నుదురు చదును చేసి, బుగ్గలు సర్ది, గడ్డం నొక్కి, వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి వేసి పడుకోబెడుతుంది. వీధిలో ముక్కులన్నీ తన చేతిపనేనని చెబుతుంది. చెబుతూ చెబుతూ నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయానట, తర్వాత రత్నకుమారి గారు చెప్పారు.

మర్నాటికల్లా "ముఖ సవరణ విభాగం" ఏర్పడింది. నేను నోడల్ అధికారిని. మామ్మ సాంకేతిక సలహాదారు.

మా మామ్మ పేరు అప్పలనరసమ్మ. వైజాగ్ నుంచి బస్సు దిగుతూనే మేనేజరు గారి ముఖం ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, మీ అమ్మ నిన్ను సరిగ్గా నొక్కనేదా?" అంది. ఆయన కళ్ళు చెమర్చాయి. ఆ ప్రశ్న తనని ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నారు.

అయితే రత్నకుమారి గారు కొంచెం అనుమానం మనిషి. "పిన్నిగారూ, ఈ తేజస్వినికి కూడా మీరే నొక్కారా?" అని అడిగారు.

"నానే నొక్కాను. ఏడాది పొడుగునా నొక్కాను."

అందరూ నా ముక్కు వైపు చూశారు. దాచడం ఎందుకు, నాది చప్పిడి ముక్కు. మామ్మ ముక్కూ అంతే. పక్కపక్కన నిలబడితే ఒకే అచ్చులో పోసినట్టుంటాం.

"నొక్కబట్టే ఈమాత్రం ఉంది" అంది మామ్మ. "నొక్కకపోతే ఎలాగుండునో ఊహించుకో."

అందరూ ఊహించుకున్నారు. మేనేజరు గారు ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసుకుని ఫైలు మొదట్లో "సాంకేతిక ప్రాతిపదిక" అని పెట్టించారు.

సమావేశ మందిరంలో రెండు బల్లలు కలిపి దుప్పటి పరిచాం. మామ్మ గోడకి చేరగిలబడి కాళ్ళు చాపుకుని కూర్చుంది. నూనె విషయంలో ఒక కమిటీ వేయాల్సి వచ్చింది. కొందరు కొబ్బరినూనె అన్నారు, స్టోర్స్ వాళ్ళు ఆముదం అన్నారు, చివరికి నువ్వుల నూనె ఖాయమైంది. ఉద్యోగులు ఒక్కొక్కరే వచ్చి మామ్మ కాళ్ళ మీద తల పెట్టి పడుకునేవారు. గెజిటెడ్ హోదా ఉన్నవారికి తల కింద తువ్వాలు. మామ్మకి పెద్దవాళ్ళని నొక్కే అలవాటు లేదు కాబట్టి పసిపిల్లల పద్ధతే పాటించింది. జుట్టు నెరిసిన డివిజనల్ ఇంజనీరు గారి ముక్కు రెండు వేళ్ళతో పట్టుకుని లాగుతూ "అయిపోయింది నాన్నా, అయిపోయింది, ఊఁ ఊఁ ఊఁ, ఏడవకూడదు" అనేది. ఆయన కూడా నిజంగానే ఏడవకుండా ఉండటానికి ప్రయత్నించేవారు. నొక్కడం అయ్యాక సాంబ్రాణి పొగ. తర్వాత దిష్టి.

ఈ పద్ధతిలో మేము ఊహించని ఒక ఇబ్బంది ఉంది. నూనె రాసి, నొక్కి, పొగ వేస్తే పసిపిల్లలు ఏం చేస్తారో వీళ్ళూ అదే చేశారు. నిద్రపోయారు. పదకొండు దాటితే ఆఫీసులో గురకలు తప్ప ఏమీ వినిపించేది కాదు. రైతులెవరైనా గట్టు జారిందని చెప్పడానికొస్తే నేను వేలు పెదవి మీద పెట్టుకుని "ఇప్పుడే పడుకున్నారండి" అనేదాన్ని. వాళ్ళు కూడా పాపం చెప్పులు చేత పట్టుకుని మెల్లిగా వెళ్ళిపోయేవారు.

ఇంకో సంగతి. నూనె మొహాలు, ఎర్రబారిన ముక్కులు చూసి, అంతకుముందు గుర్తుపట్టినవాళ్ళని కూడా యంత్రం గుర్తుపట్టడం మానేసింది. గుర్తుతెలియని వ్యక్తులు రోజురోజుకీ పెరిగారు. నేను భయపడుతూనే ఆ సంఖ్య హెడ్డాఫీసుకి పంపాను. వాళ్ళు దాన్ని పథకంలో చేరినవారి సంఖ్య అనుకున్నారు. "లబ్ధిదారుల వృద్ధి మిక్కిలి సంతృప్తికరముగా నున్నది" అని జవాబు వచ్చింది. ఆ కాగితం పటం కట్టించి యంత్రం పక్కనే తగిలించాం.

ఒక్క నూకరాజు గారి దగ్గరే పని సాగలేదు.

"లోపలికి నొక్కమంటే నొక్కగల్ను" అంది మామ్మ, ఆయన ఎడమ బుగ్గ పట్టుకుని అటూ ఇటూ సాగదీస్తూ. "ఇది బయటికి రావాలంటన్నారు. బయటికెలా నొక్కుతారమ్మా? నాను లోపల్లేను కదా."

మేనేజరు గారికి ఈ ఇబ్బంది వివరించాను. ఆయన డివిజనల్ ఇంజనీరుని నిద్ర లేపించి అభిప్రాయం అడిగారు. ఆయన కళ్ళు నులుముకుని, కాలువలో ఒక గట్టు వైపు మట్టి పోస్తే నీళ్ళు రెండో గట్టుకి ఎక్కుతాయి, అదే సూత్రం అన్నారు. అంటే కుడి బుగ్గ గట్టిగా లోపలికి నొక్కితే ఎడమ బుగ్గ దానంతటదే పొంగాలి. అందరికీ ఇది చాలా సబబుగా తోచింది. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది.

ఆ రోజు నుంచి నూకరాజు గారి కుడి బుగ్గ మీద మామ్మ తన బలమంతా పెట్టింది. ఆయన ఏమీ అనేవారు కాదు. నొక్కుతున్నంతసేపూ ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకునేవారు, ఎప్పుడు పిలుపొస్తుందోనని.

"నొప్పిగా ఉందా అండీ?" అని ఒకసారి అడిగాను.

"బుగ్గకేముందమ్మా. అమ్మాయి రోజూ అడుగుతోంది, నాన్నా ఎప్పుడు బయల్దేరుతున్నావని. నా మొహం ఇంకా తయారవలేదమ్మా అని చెబుతున్నాను. అది నవ్వుతోంది గానీ, నవ్వాక కాసేపు మాట్లాడట్లేదు."

నేను వెంటనే మామ్మని ఇంకాస్త గట్టిగా నొక్కమన్నాను. నా చేతిలో ఉన్న సాయం అదొక్కటే.

ఫలితం ఒక శుక్రవారం వచ్చింది. ఆ రోజు నొక్కడం అయ్యాక మామ్మ జాలిపడి తన కిళ్ళీల పొట్లంలోంచి ఒక పెద్ద కిళ్ళీ తీసి నూకరాజు గారికిచ్చింది. ఆయన అది ఎడమ దవడన పెట్టుకుని, సైకిలు తీసుకోవడానికి గేటు వైపు నడిచారు. యంత్రం ముందు నుంచి వెళ్తుంటే అది తనంతట తానే పలికింది: "స్వాగతం, నూకరాజు గారు."

నేను కేక పెట్టానట. నిద్రలో ఉన్నవాళ్ళంతా లేచి వచ్చారు. మళ్ళీ నిలబడమన్నాం. మళ్ళీ స్వాగతం అంది. నోట్లో కిళ్ళీ ఉందన్న మాట నిజమే, కానీ ఆ హడావుడిలో దాని గురించి ఎవరు ఆలోచిస్తారు. కుడి బుగ్గ నొక్కాం, ఎడమ బుగ్గ పొంగింది. మేనేజరు గారు మామ్మకి చేతులెత్తి నమస్కరించారు. "ముఖము సవరింపబడినది, కేసు ముగిసినది" అని సాయంత్రంలోగా నివేదిక హెడ్డాఫీసుకి చేరింది.

నూకరాజు గారు కిళ్ళీ జాగ్రత్తగా ఒక పక్కకి తోసుకుంటూ అడిగారు. "అయితే నాకిక సెలవిప్పించండి సార్."

"అసంభవము" అన్నారు మేనేజరు గారు. "ఎం.డి. గారు స్వయముగా తిలకించుటకు విచ్చేయుచున్నారు. ప్రదర్శన ముగియు వరకు మీరు కదలరాదు. నూకరాజు గారూ, ఇప్పుడు మీరు వ్యక్తి కారు. ఫలితము."

"నిన్నటిదాకా ఎవరో తెలియదన్నారండి. ఇవాళ తెలిసింది గాబట్టి వద్దంటున్నారు. నేను ఎప్పుడెళ్ళాలండి మరి?"

దానికి సర్క్యులర్లలో జవాబు లేదు. నూకరాజు గారు రోజూ ఒక కిళ్ళీ పెట్టుకుని ఆఫీసుకొచ్చి హాజరు వేయించుకోవడం మొదలుపెట్టారు. నేను చూస్తూనే ఉన్నాను. చూసినదంతా అర్థం కావాలని లేదు కదా.

ఎం.డి. గారు పెద్ద కారులో వచ్చారు. వెనకాల ఇంకా కార్లు. మామ్మకి శాలువా కప్పారు. మామ్మ ఆయన గడ్డం పట్టుకుని పరీక్షించి, మెత్తగానే ఉంది, ఇప్పటికైనా మించిపోలేదంది. ఆయన మురిసిపోయి, ఈ పథకాన్ని అన్ని ప్రాంతాలకీ విస్తరిస్తామని, పుట్టినప్పుడే రికార్డు ఫొటో తీసి ఆ తర్వాత ముఖం దాన్ని దాటిపోకుండా జీవితాంతం సవరిస్తూ ఉండవచ్చునని, అది దేశానికే ఆదర్శమని ప్రసంగించారు. నేను ప్రతి మాటా రాసుకున్నాను.

ఆయన ప్రసంగం మధ్యలో ఉండగానే నూకరాజు గారి ఫోను మోగింది.

పక్కకి వెళ్ళి విన్నారు. తిరిగొచ్చినప్పుడు ముఖం తెల్లబోయి ఉంది. మేనేజరు గారి చెవి దగ్గరకి వంగారు. "నొప్పులు మొదలయ్యాయటండి. అల్లుడు అప్పుడే ఒకసారి పడిపోయాడట. నేను బయల్దేరతానండి."

"ప్రదర్శన అనంతరము."

"సార్."

"ప్రదర్శన అనంతరము అంటిని."

నూకరాజు గారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆయన తిన్నగా కుళాయి దగ్గరకి నడిచి, నోట్లో ఉన్నదంతా ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించి, కండువాతో తుడుచుకుని వచ్చి యంత్రం ముందు నిలబడ్డారు. అప్పుడు చూశాను. ఎడమ బుగ్గ లేదు. కుడి బుగ్గ ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. ఇన్నాళ్ళు నొక్కినా ఆ మనిషి ముఖం ఆ మనిషి ముఖంలాగే ఉంది.

"క్షమించండి, మీరెవరో తెలియలేదు" అంది యంత్రం.

ఎవరో దగ్గారు. ఎం.డి. గారి కనుబొమ్మలు దగ్గరకొచ్చాయి. "ఏమిది? నూకరాజు ముఖము సవరింపబడినదని నివేదిక పంపితిరే. నా సంతకముతో మంత్రివర్యులకు కూడ పంపితిని."

మేనేజరు గారి చేతులు దవడ మీదకి వెళ్ళాయి, కానీ నొక్కడానికి బలం లేదు. నూకరాజు గారు గేటు వైపు చూస్తున్నారు. అవతల రోడ్డు మీద బస్సు కాంప్లెక్సుకి వెళ్ళే ఆటోలు పోతున్నాయి. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"సార్, నివేదిక నిజమే సార్. నూకరాజు గారి ముఖం సవరించాం. యంత్రం గుర్తుపడుతుంది. ఈయన్ని గుర్తుపట్టలేదంటే, ఈయన నూకరాజు గారు కాదు సార్."

ఎం.డి. గారు కాసేపు ఆలోచించారు. వేరే దారి ఏదైనా ఉందేమోనని ఆలోచించినట్టున్నారు, లేదు. "అట్లయిన ఇతనెవరు?"

"ఎవరో గుర్తుతెలియని వ్యక్తి సార్."

"మరి అసలు నూకరాజు ఎచట?"

"సెలవులో ఉన్నారు సార్. పార్వతీపురంలో. అమ్మాయికి పురుడు."

ఎం.డి. గారు మేనేజరు గారి వైపు తిరిగారు. "నిజమేనా? సెలవు మంజూరు చేసితిరా?"

చిదంబరేశ్వర్రావు గారు జేబులోంచి కలం తీయడం అంత వేగంగా నేనెప్పుడూ చూడలేదు. రత్నకుమారి గారు కాగితం అందించారు, నేను వీపు వంచాను, ఆయన నా వీపు మీదే పెట్టి సంతకం చేశారు. "మంజూరు చేసియే యుంటిని సార్. అతడు వచ్చు వరకు."

"మంచిది. ఈ అపరిచితుని తక్షణమే ఆవరణ వెలుపలికి పంపించుడు" అన్నారు ఎం.డి. గారు. "వాహనములో ఎక్కించి మరీ పంపించుడు. ఇట్టివారు మరల వచ్చెదరు."

కాబట్టి నూకరాజు గారిని ఆఫీసు జీపులో ఎక్కించి కాంప్లెక్సు దాకా పంపించాం. ఎక్కేముందు ఆయన మామ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి, నాతో మెల్లగా అన్నారు, "నేనెవరో మీకు తెలుసుగదమ్మా?"

"తెలియదండి" అన్నాను. "జాగ్రత్తగా వెళ్ళిరండి."

మర్నాడు ఆయన దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. ఆడపిల్ల. పురుడు కష్టమైందట గానీ ఆయన సమయానికి చేరారు, అల్లుడు మళ్ళీ పడిపోతే పక్క మంచం మీద పడుకోబెట్టారట. ఫోటోలో పసిదాని కళ్ళు ఇంకా తెరుచుకోలేదు, ముఖం ఎర్రగా ఉంది, ఎడమ బుగ్గ మాత్రం బూరెలా పొంగి ఉంది. ఆ బుగ్గని ఎక్కడో చూసినట్టుంది నాకు.

పరుగెత్తుకెళ్ళి ఫోను యంత్రం ముందు పెట్టాను.

"స్వాగతం, నూకరాజు గారు."

మేనేజరు గారికి చూపించాను. సెలవులో ఉండి కూడా హాజరు వేయించుకుంటున్న ఉద్యోగి సంస్థ చరిత్రలో మరొకరు లేరని ఆయన మెచ్చుకున్నారు. నాలుగు రోజులు అలాగే హాజరు వేశాను. తర్వాత కొత్త ఫోటో వచ్చింది. యంత్రం క్షమించమంది. బుగ్గ మామూలుగా అయిపోయింది. నూకరాజు గారికి ఫోను చేస్తే, పుట్టేటప్పుడు అటువైపు ఒరుసుకుపోయి వాచిందని, దానంతటదే సర్దుకుంటుందని డాక్టరమ్మ ముందే చెప్పిందట, అలాగే సర్దుకుందట.

పక్కన మామ్మ కూర్చుని శాలువా మడతపెట్టుకుంటోంది. నా ఫోను తీసుకుని, ఫోటోలు రెండూ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగా తేర్చారు" అంది. "ఎవరు నొక్కారట?"

"ఎవరూ నొక్కలేదు మామ్మా. దానంతటదే."

మామ్మ నా ముక్కు వైపు ఒకసారి చూసింది. తర్వాత ఫోను నా చేతిలో పెట్టేసి, కిళ్ళీ పొట్లం విప్పింది.

"చెప్పడం లేదే వాళ్ళు" అంది.